ముప్పై ఒకటో కాగితం

“మూడో ప్రకటన ఆపమంటావు. ఎందుకాపాలో చెప్పవు. ఇదేం న్యాయం?”

సుబ్బలక్ష్మి అరవలేదు. అన్నం గిన్నె మీద మూత పెట్టి, మూత మీద గరిటె అడ్డంగా పెట్టింది. ఇక ఎవరికీ వడ్డన లేదని అర్థం.

కోడలు దీవెన కంచం ముందు అలాగే కూర్చుంది. చేతికంటిన సంగటి ఎండిపోతోంది.

ఆళ్లగడ్డ చర్చి నుంచి వాళ్లంతా ఇంటికొచ్చి గంట కాలేదు. యేసుదాసు మాస్టారి కూతురు రెబెకాకూ, ఆయన చెల్లెలి కొడుకు శాంసన్‌కూ వివాహం నిశ్చయమైందని, న్యాయమైన అభ్యంతరం ఎవరికైనా ఉంటే తెలపాలని పాదిరిగారు రెండోసారి చదివారు. అలా మూడు ఆదివారాలు చదివితే గాని చర్చిలో పెళ్లి చేయరు. పోయిన వారం ఎవరూ నోరు విప్పలేదు. ఈ వారమూ విప్పలేదు. తీరా భోజనానికి కూర్చున్నాక, మూడోది ఒక్క వారం వెనక్కి జరపమని ఇంటి కోడలే అడిగింది.

యేసుదాసు సంఘ పెద్ద. ముప్పై నాలుగేళ్లు బడిలో పాఠం చెప్పి దిగిన మనిషి. ఆయన మెల్లగానే అడిగాడు.

“శాంసన్ మీద ఏమన్నా విన్నావా మా?”

“లే మామా. శాంసన్ మంచోడు.”

“రెబెకా మీద?”

“లే.”

“మరేందీ?”

“అది చెప్పే అధికారం నాకు లేదు మామా.”

సుబ్బలక్ష్మి నవ్వింది. “అధికారమంట. వినండి. కలెక్టరమ్మకు అధికారం లేదంట.”

రెబెకా వంటింటి గడప దగ్గర నిలబడి ఉంది. ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పే పిల్ల. ఇరవై నాలుగేళ్లు. వదిన ముఖంలోకి చూస్తోంది, బోర్డు మీద తప్పు పోయిన లెక్క ఏ వరసలో తప్పిందో వెతుకుతున్నట్టు.

దీవెన భర్త ఎజ్రా మధ్యలో కలగజేసుకుని, ఒక వారంలో ఏం మునిగిపోతుందని తల్లిని అడిగాడు. ఆ మాటతో సుబ్బలక్ష్మి మొదలుపెట్టింది. కార్డులు పంచేసిన సంగతి చెప్పింది. ప్రకటన ఆగితే ఊరు ఏమనుకుంటుందో చెప్పింది. ఆడపడుచు ముఖం ఎలా చూడాలని అడిగింది. చివరికి గొంతు తగ్గించి, ఎవరి వైపూ చూడకుండా అంది.

“దెబోరా కొడుకు పోయినప్పటి నుంచి ఆ ఇంట్లో ఒక మంచి పని జరగలే. రెండేండ్ల పిల్లోడు. నెల నెలా కర్నూలుకు పోయి రక్తం ఎక్కించుకొస్తిరి. అయినా దేవుడు ఉంచలే. ఇప్పుడన్నా ఆ ఇంట్లో నవ్వు వినపడ్తాదని మేం అనుకుంటాంటే...”

దెబోరా శాంసన్‌కు అక్క. దీవెన తలెత్తింది.

“కామెర్లతో పోయినాడని గదా అత్తా నాతో చెప్పినారు?”

“కామెర్లూ ఉన్యాయి. అన్నీ ఉన్యాయి. పోయిన పిల్లోని సంగతి ఇప్పుడెందుకు నీకు?”

దీవెన లేచి చెయ్యి కడుక్కుంది. కుళాయి కట్టేయడం మరిచిపోయింది. రెబెకా వచ్చి కట్టేసింది.

* * *

నంద్యాల బస్సులో ఎజ్రా కిటికీ వైపు కూర్చున్నాడు. రోడ్డు పక్క శిల్పుల షెడ్లు దాటేదాకా, ఆ ఉలి చప్పుడు వెనకబడేదాకా ఆగాడు. శిరివెళ్ల దగ్గర అడిగాడు.

“నాక్కూడా చెప్పవా?”

“నీకు చెప్తే మీ చెల్లెలికి చెప్పినట్టే గదప్పా.”

ఆ తర్వాత అతను నంద్యాల వచ్చేదాకా కిటికీలోంచి బయటికే చూశాడు. కోపం వస్తే ఎజ్రా గొంతు పెంచడు. సబ్‌స్టేషన్లో మీటర్లు చూసే మనిషికి ఎదురుచూడటం అలవాటు.

దీవెన కళ్లు మూసుకుంది. నిద్ర పోలేదు.

రెండేళ్లుగా ఆమె నంద్యాలలోని విశ్వవిద్యాలయ పరిశోధనా కేంద్రంలో టెక్నీషియన్. నల్లమల గూడేల్లో రక్తహీనత ఎందుకంత ఎక్కువగా ఉందో తేల్చడం ఆ ల్యాబు పని. జబ్బున్నవాళ్ల రక్తం ఒక్కటే చూస్తే ఏమీ తేలదు. పక్కన పెట్టి పోల్చడానికి బాగున్నవాళ్ల రక్తం కూడా కావాలి. వాళ్లను ల్యాబులో కంట్రోళ్లు అంటారు. ఒంట్లో బాగున్న మనిషి సూదికి చెయ్యెందుకు చాపుతాడు? అందుకని ల్యాబులో పనిచేసేవాళ్లు ముందు తమ చెయ్యి చాపుతారు, తర్వాత ఇంట్లోవాళ్ల చేతులు చాపిస్తారు. ఎక్కడా రాసిలేని ఆచారం అది.

నెలన్నర కిందట, కోతల పండుగ నాడు, ఆళ్లగడ్డ చర్చి హాల్లో ముప్పై ఒక్క మంది రక్తం ఇచ్చారు. ఒకటో నంబరు దీవెనదే. చర్చిలో పాటలు పాడే నర్సమ్మ తీసింది. మిగతావన్నీ దీవెన చేత్తో తీసింది. పదిహేడో నంబరు రెబెకా. సూది గుచ్చాక, తన రక్తం మరీ నల్లగా ఉందేమని అడిగి నవ్వింది. ఆఖరున ముప్పై ఒకటి శాంసన్.

గొట్టాల మీద నంబర్లే ఉంటాయి. పేర్ల రిజిస్టరు ల్యాబు అధిపతి మేడం గదిలో బీరువాలో, తాళం వేసి ఉంటుంది. ఏ నంబరు ఎవరిదో ల్యాబులో ఎవరికీ తెలియకూడదు. కానీ సూది పెట్టిన చేతికి తెలియకుండా ఎలా పోతుంది?

పోయిన గురువారం యంత్రం కాగితాలు బయటికి తోసింది. రక్తంలో రెండు మూడు శాతం మాత్రమే ఉండాల్సిన ఒక రకం హిమోగ్లోబిన్, పదిహేడో నంబరులో అయిదున్నర ఉంది. ముప్పై ఒకటిలో అయిదు. యంత్రాన్ని కడిగి మళ్లీ నడిపింది. మళ్లీ అంతే. శుక్రవారం కొత్త ద్రావకం పోసి మూడోసారి నడిపింది. గీత అదే చోట, అంతే ఎత్తుకు లేచింది.

థలసీమియా. తల్లిదండ్రుల నుంచి బిడ్డలకు దిగే రక్తపు జబ్బు. దాని జాడ ఉందే గాని వాళ్లిద్దరికీ జబ్బు లేదు. నూరేళ్లు హాయిగా బతుకుతారు. ఒంట్లో అది ఉందని కూడా తెలియదు. కానీ అలాంటివాళ్లిద్దరు పెళ్లాడితే, ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు భయం. అలా పుట్టిన బిడ్డ నెల నెలా ఇంకొకరి రక్తంతోనే బతకాలి.

అంతవరకే అయితే దారి ఉంది. రక్తం ఇచ్చేముందు సంతకం పెట్టే కాగితంలో ఆఖరున ఒక ప్రశ్న ఉంటుంది. ‘మీ రక్తంలో ఏదైనా కనబడితే మీకు తెలపాలా?’ కింద రెండు గళ్లు. తెలపాలి. అవసరం లేదు. తెలపాలి అని పెట్టినవాళ్లను మేడం పిలిచి, తలుపేసి, కూర్చోబెట్టి చెబుతుంది. అవసరం లేదన్నవాళ్లకు ఎవరూ చెప్పకూడదు.

తెలపాలి అని పెడితే ఇంకో కాగితం నింపాలి. ఫోను నంబరు, చిరునామా, పిలవాల్సిన వేళ, సాక్షి సంతకం. ఆ రోజు హాల్లో విస్తళ్లు పరిచేశారు. పెట్టెలో ఐసు కరుగుతోంది. అందరూ తనవాళ్లే. అందరూ బాగున్నవాళ్లే. వీళ్లలో ఏం కనబడుతుందిలే అనుకుంది దీవెన. సంతకాలు పెట్టించి, ప్రశ్న చదవకుండానే, కాగితం తర్వాత కాగితం, తన పెన్నుతో ‘అవసరం లేదు’ అని టిక్కు పెట్టుకుంటూ పోయింది.

ఒక్క శాంసన్ మాత్రం కాగితం తీసుకుని బయట మెట్ల మీద కూర్చుని, రెండు పేజీలూ చదివి, తనే నింపి ఇచ్చాడు. పరీక్ష రాస్తున్నావా అని ఈడు పిల్లలంతా ఎగతాళి చేశారు.

* * *

సోమవారం పొద్దున దీవెన ల్యాబుకు పోయేసరికి ఓబులేసు గూడేనికి తీసుకెళ్లే ఐసు పెట్టె తుడుస్తున్నాడు. ఆత్మకూరు వైపు గూడెం వాడు. ఆ ల్యాబు తరఫున గూడేల్లో తిరిగి, మనుషులకు నచ్చజెప్పి, నమూనాలు తెప్పించేది అతనే. అతను ముందు నిలబడందే గూడేల్లో ఒక్క చెయ్యి చాపేది లేదు.

కంట్రోళ్ల కాగితాల ఫైలు ఎక్కడుందని దీవెన అడిగింది. అతను బీరువా మీద నుంచి దించి ఇచ్చాడు. ఇచ్చి, అక్కడే నిలబడ్డాడు.

“ఒక మాట అడుగుదునా అమ్మా?”

“అడుగన్నా.”

“మా గోవిందమ్మవ్వ గుర్తుందా? ఆ ఆఖరు ప్రశ్న ఆమెను రెండు మార్లు అడిగించినావు నాతో. అర్థమయ్యిందో లేదో అని మూడో మారు నువ్వే అడిగినావు. మా గూడెంలో ప్రతి మనిషికీ అట్లనే చేయిస్తివి. మంచి పని.” అతను గుడ్డ మడత పెట్టాడు. “ఈ ఫైల్లో ముప్పై కాగితాల్లో టిక్కులన్నీ ఒకే పక్కకు వాలినాయి. ఒకే పెన్ను. మీ చర్చిలో ఎన్ని మార్లు అడిగినావమ్మా?”

అబద్ధం చెప్పడానికి దీవెనకు ఒక క్షణం ఉంది. ఆ క్షణం దాటిపోనిచ్చింది.

“ఒక్క మారు కూడా అడగలేదన్నా.”

“అదే అనుకుంటి,” అన్నాడు ఓబులేసు. అందులో ఎత్తిపొడుపు లేదు. అది ఉన్నా బాగుండేది.

డాక్టర్ రంగనాయకమ్మ ఆ ల్యాబుకు అధిపతి. కళ్లజోడును రోజుకు నాలుగుసార్లు తుడుచుకునే మనిషి. ఎవరైనా గదిలోకి వచ్చి తప్పు ఒప్పుకునేటప్పుడు మాత్రం తుడుచుకోదు. అలాగే చూస్తుంది. దీవెన ఫైలు బల్ల మీద పెట్టి నిలబడే అంతా చెప్పింది. నంబర్లు చెప్పలేదు. తన చేత్తో తీసిన రెండు నమూనాలు ఎవరివో తనకు తెలుసని, వాళ్లకు తెలియాల్సినది ఉందని, ఆ రోజు తను నోటితో ఎవరినీ అడగనే లేదని చెప్పింది. వచ్చే ఆదివారంలోగా తెలిస్తేనే ప్రయోజనమని కూడా చెప్పింది.

మేడం కాగితాలు ఒక్కొక్కటే తిప్పింది. ముప్పై ఒకటో దాని దగ్గర కొంచెంసేపు ఆగి, ఫైలు మూసింది.

“ఎవరినో ఒకరిని పిలిచి అడిగితే, అడగడమే చెప్పినట్టు అవుతుంది. తెలుసా?”

“తెలుసు మేడం. అందుకే ముప్పై ఒక్క మందినీ మళ్లీ అడుగుతాను.”

“అయిదు రోజుల్లోనా?”

“అయిదు రోజుల్లో.”

మేడం ఆలోచించింది. ఎథిక్స్ కమిటీ అధ్యక్షుడికి ఫోన్ చేసి పది నిమిషాలు మాట్లాడింది. తర్వాత షరతులు చెప్పింది. ప్రశ్న అడిగేది దీవెన కాదు, ఓబులేసు. దీవెన తన తప్పు తన నోటితో చెప్పి, కాగితం ఇచ్చి, పక్కన నిలబడాలి. నంబర్ల వరస తప్పించి తిరగాలి. తెలపాలి అన్నవాళ్లందరినీ, బాగున్నవాళ్లను కూడా, శనివారం తన గదికే పిలవాలి.

“ఎవరి ఇంట్లోనూ నీ ముఖం కూడా మాట్లాడకూడదు. సరేనా? ఇంకోటి. నీ మీద నివేదిక రాస్తున్నాను. అది పైకి పోయాక ఇక్కడ నీ చోటు ఉంటుందో లేదో నేను చెప్పలేను. రాయొద్దని అడగొద్దు.”

“అడగను మేడం.”

బయటికొచ్చి మొదటి కాగితం తనదే తీసింది. ఓబులేసు ప్రశ్న చదివాడు. ఆమె వింది. మొత్తం విన్నాకే టిక్కు పెట్టింది. తెలపాలి.

* * *

సోమవారం సాయంత్రం నాలుగిళ్లు. మంగళవారం తొమ్మిది. గోస్పాడు పల్లెల్లో వరికోతల్లో ఉన్నవాళ్లను గట్ల మీదే పట్టుకున్నారు.

ప్రతి చోటా దీవెన అదే మాట చెప్పింది. ‘ఆ రోజు మిమ్మల్ని అడగాల్సింది అడగలేదు. మీ బదులు నేనే పెట్టేసినాను. తప్పు నాది.’ ఒకామె పోనీలెమ్మంది. ఒకాయన, తన పేరు మీద ఇంకేం రాశావని అడిగి, కాగితం రెండు వైపులా తిప్పి చూశాడు. ఇంకో ఇంట్లో గేటు దగ్గరే నిలబెట్టి మాట్లాడారు, నీళ్లు కూడా ఇవ్వలేదు. మొదటి నాలుగిళ్లలో ఆమె నేల చూస్తూ చెప్పింది. పదో ఇంట్లో ముఖం చూసి చెప్పింది. సిగ్గు పోలేదు, కానీ దాంతోనే నడవడం వచ్చింది.

చర్చి గంట కొట్టే సంజీవయ్య తాత ప్రశ్న మొత్తం విని, గడ్డం గోక్కున్నాడు.

“మంచిదైతే చెప్పుండ్రి. చెడ్డదైతే వద్దు.”

“దానికి గడి లేదు తాతా,” అన్నాడు ఓబులేసు.

“గడి గీయప్పా. పెన్నుంది గదా.”

ఓబులేసు నవ్వకుండా ప్రశ్న మళ్లీ మొదటి నుంచి చదివాడు. మూడోసారికి తాత, వద్దులే, ఎనభై ఏండ్లు తెలవకుండానే గడిచిపోయినాయి అని, అవసరం లేదు దగ్గర వేలిముద్ర వేశాడు.

బుధవారం నాలుగు గంటలకు అత్తగారింటికి వచ్చారు. సుబ్బలక్ష్మి ఊరిబిండి పచ్చడికి వేరుశనగ బుడ్డలు వేయిస్తోంది. ఆమె పెనం దించలేదు. దీవెన కూర్చోకుండా, వంటింటి గడప దగ్గరే, అన్ని ఇళ్లలో చెప్పినట్టే ఇక్కడా చెప్పింది. ముప్పై కాగితాల్లో టిక్కు తనదేనంది.

“నాదాంట్లోనా?” అంది సుబ్బలక్ష్మి.

“నీదాంట్లో కూడా అత్తా.”

“నాకు తెలవాల్నో వద్దో నువ్వే అనుకుంటివా?”

“అవునత్తా. అనుకున్నా.”

యేసుదాసు లోపలి నుంచి అంతా విన్నాడు. ఆయన దీవెనతో కాకుండా ఓబులేసుతో మాట్లాడాడు. తను ఇన్నేళ్ల ఉద్యోగంలో ఒక పిల్లవాడి పరీక్ష పేపర్లో కూడా వాడి బదులు తన పెన్నుతో జవాబు రాయలేదని, పక్కబడి మాస్టారు రాస్తే ఆయనతో మాటలు మానేశానని చెప్పాడు. ఓబులేసు అవును సార్ అన్నాడు. ఆ తర్వాత ఆయన కోడలి వైపు తిరిగాడు.

“ఇందుకేనా ఆదివారం ప్రకటన ఆపమంటివి?”

దీవెన గోడ మీది క్యాలెండరు వైపు చూసింది. నవంబరు బొమ్మలో గొర్రెలు ఉన్నాయి. పదకొండు. మళ్లీ లెక్కపెట్టింది. పదకొండే.

“కారణం చెప్పకుంటే పాదిరిగారిని ఆపమని నేను అడగను,” అన్నాడు యేసుదాసు. “అడిగితే ఆడపిల్ల పేరు పోతాది. మూడోది చదువుతారు.”

ఆయన చాలాసేపు తన కాగితం చేతిలో పట్టుకుని, చివరికి తెలపాలి అని పెట్టాడు. సుబ్బలక్ష్మి బుడ్డలు మాడిన వాసన వచ్చేదాకా ఆలోచించి, అవసరం లేదంది. దేవునికి తెలిస్తే చాలంది.

అప్పుడే రెబెకా బడి నుంచి వచ్చింది. వేళ్లకు సుద్దపొడి. ఓబులేసు ప్రశ్న చదివాడు. ఆమె రెండోసారి చదవమంది. చదివాడు. ఆమె దీవెన ముఖం చూసింది. దీవెన చూపు గొర్రెల దగ్గరే ఉంది.

“పెన్నియ్యప్పా,” అంది రెబెకా.

తెలపాలి. పెన్ను ఎంత గట్టిగా నొక్కిందంటే, వెనక పేజీ మీద కూడా ఆ గుర్తు లేచింది.

గురువారం సంజామల వెళ్లారు. శాంసన్ అక్కడే వ్యవసాయ శాఖలో పని చేస్తాడు. పొలం నుంచి వచ్చిన రైతులను కూర్చోమని, వీళ్లకు టీ చెప్పి, కాగితం తీసుకున్నాడు. ఈసారి కూడా రెండు పేజీలూ చదివాడు. టిక్కు పెట్టి, మడిచి ఇచ్చాడు. అతని కాగితంలో దీవెన తప్పు ఏమీ లేదు కాబట్టి ఆమె చెప్పుకోవాల్సిందీ ఏమీ లేదు. వెళ్లి వస్తామంది. అతను బస్టాండు దాకా వచ్చి బస్సెక్కించాడు. మంచి మనిషి.

ఫైలు కట్టేముందు వరస సరిచూడటానికి ఆ మడత విప్పాల్సి వచ్చింది. కోతల పండుగ నాటి అతని కాగితంలో ఉన్న టిక్కే ఇందులోనూ ఉంది.

అవసరం లేదు.

* * *

శనివారం ఉదయం రెబెకా మేడం గదిలోకి వెళ్లింది. అంతకుముందు యేసుదాసు వెళ్లి అయిదు నిమిషాల్లో వచ్చేశాడు. ఎజ్రా కూడా అంతే. ఎజ్రా ఆదివారం నుంచి భార్యతో అవసరమైన మాటలే మాట్లాడుతున్నాడు. ఇవాళ బయటికొచ్చి ఆమె పక్కన ఒక నిమిషం నిలబడి, తిన్నావా అని అడిగి, తండ్రిని తీసుకుని బస్టాండుకు వెళ్లాడు. చెల్లెలు వస్తుందిలే, నువ్వు చూసుకో అన్నాడు. అదే పెద్ద మాట.

రెబెకా లోపల ఇరవై అయిదు నిమిషాలు ఉంది.

బయటికొచ్చినప్పుడు ఆమె ఏడవలేదు. వరండాలో దీవెన పక్కన బల్ల మీద కూర్చుంది. మేడం ఇచ్చిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి హ్యాండ్‌బ్యాగులో వేసింది.

“నాకేం కాదంట. అవతలి మనిషిలో కూడా ఉంటేనే పిల్లలకు అంట,” అంది. “మా బావను కూడా రక్తపరీక్ష చేయించుకోమనమంది. ఆయన సంగతి ఏమన్నా తెలుసా మేడం అంటే, ఇంకొకరి సంగతి నాకు చెప్పకూడదంది.”

దీవెన నేల మీద గచ్చు చూస్తూ ఉంది.

“నీకు తెల్సు,” అంది రెబెకా. ప్రశ్నగా అనలేదు.

దీవెన కదలలేదు. ఇంత కష్టం తన జీవితంలో ఏ పనికీ పడలేదు. ఒక్కసారి తలెత్తితే చాలు. ఎత్తకుండా కూర్చుంది.

రెబెకా ఫోన్ తీసి శాంసన్‌కు చేసింది. మాటలు మామూలుగానే మొదలయ్యాయి. తిన్నావా, ఎండ ఎట్లుంది. తర్వాత, ఓబులేసన్న తెచ్చిన కాగితంలో ఏం పెట్టావని అడిగింది. అటువైపు శాంసన్ ఏదో అన్నాడు. రెబెకా వింది. సరే బావా అని పెట్టేసింది.

“అవసరం లేదని పెట్టినాడంట. పెండ్లి పనుల్లో ఇవన్నీ ఎందుకులే అన్నాడు.” ఆమె లేచి నిలబడింది. “ఖాళీ కాగితం ఇంకోటి ఉందా వదినా?”

“ఉంది.”

“ఇయ్యి. నేనే పోయి పెట్టిస్తా.”

“ఇయ్యను,” అంది దీవెన. ఇప్పుడు తలెత్తింది. “ఇంకొకరి కాగితం ఇంకొకరి చేతికి ఇయ్యను. ఒకసారి చేసింది చాలు. ఆయన మనసు మార్చుకుంటే ఆయనే అడగాల. అడిగితే ఇచ్చేదానికి నేను పక్కనుండాల, ప్రశ్న చదివేదానికి ఓబులేసన్నను పిలిపించాల.”

“అయితే నువ్వూ రా.”

దీవెన ఒక్క క్షణం మేడం గది తలుపు వైపు చూసింది. లోపలికి పోయి, తను సంజామల వెళ్తున్నానని, ఎందుకో చెప్పింది. మేడం కళ్లజోడు తీసి తుడుచుకుంది. కాగితం సంచిలోంచి బయటికి తీయొద్దు, అతను అడిగేదాకా, అంది. వెళ్లొద్దని మాత్రం అనలేదు.

బస్సు సగం ఖాళీగా ఉంది. ఊరు దాటాక రెండు వైపులా కోసిన వరి మళ్లు. రెబెకా ముందు సీటు కడ్డీ పట్టుకుని కూర్చుంది. చాలాసేపటికి, పిల్లలకు లెక్క విడదీసి చెప్పే గొంతుతో మొదలుపెట్టింది.

“ముప్పై కాగితాల్లో నువ్వే పెట్టినావు. ఆ ముప్పై మందిలో ఎవురూ చదవలే. వాళ్లు వద్దన్నట్టు కాదు.”

“కాదు.”

“నువ్వు పెట్టంది ఒకటుంది. ఆ దినం మెట్ల మీద కూర్చోని రెండు పేజీలూ చదివింది ఎవురో నాకు గుర్తుండాది. పరీక్ష రాస్తాండావా అని ఎగతాళి చేసింది నేనే.”

రెబెకాకు జవాబు అక్కర్లేదు.

“చదివి కూడా వద్దనేది ఎందుకు వదినా? భయపడేవాళ్లు అంటారు. లేకుంటే ముందే తెల్సినోళ్లు...” ఆమె కడ్డీ మీద నుంచి చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకుంది. “దెబోరక్క కొడుకును నెల నెలా కర్నూలుకు ఎత్తుకపోయింది అక్క కాదు. అక్కకు రక్తం చూస్తే కండ్లు తిరుగుతాయి. రెండేండ్లు ఎత్తుకపోయింది మా బావ. పిల్లోనికి ఆ జబ్బు ఎట్ల వచ్చిందో అక్కడి డాక్టర్లు ఆయనకు చెప్పకుండా ఉంటారా?”

వారం రోజులుగా దీవెన పదిహేడో నంబరు గురించే బాధపడింది. ముప్పై ఒకటో కాగితాన్ని, అది తన తప్పు కాదు కాబట్టి, సరిగా చూడనే లేదు.

కండక్టరు వచ్చాడు. ఎక్కడికని అడిగి, ఆడవాళ్ల ఉచిత టికెట్టుకు ఆధార్ కార్డులు చూపించమన్నాడు.

“సంజామల,” అంది రెబెకా. “ఇద్దరం.”

యంత్రంలోంచి రెండు టికెట్లు వచ్చాయి. అంతలో ఆమె ఒళ్లో ఫోన్ మోగింది. శాంసన్. తెర మీద అతని ఫొటో, కోతల పండుగ నాటిది, తెల్ల చొక్కా, మోచేతి మడతలో దూది.

అది మోగి మోగి ఆగింది. మళ్లీ మోగింది. దీవెన ఎత్తమన్నట్టు చూసింది.

రెబెకా ఫోన్ బోర్లా పెట్టింది.

“ఫోన్లో వద్దు,” అంది. “ముఖం చూసి అడుగుతా.”